ఆసుపత్రి ఫారంలో కులం గడి ఉండాలా?

జయనగరం_గుప్త:
పోయిన నెల ఇక్కడే బెంగళూరులో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా బావగారికి హెర్నియా ఆపరేషన్ జరిగింది. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు వచ్చి బీపీ, షుగరు, కట్టుడు పళ్ల సంగతి అన్నీ అడిగారు. ఆ తరువాత ఫైలు మీది పేరు చూసి, కాస్త మొహమాటపడుతూనే, “శెట్టి అని ఉంది, ఏ శెట్లండీ మీరు?” అన్నారు. మా అక్కకు చిర్రెత్తుకొచ్చింది. కోమట్లమని తెలిస్తే బిల్లు పెంచుతారని ఆమె అనుమానం!

అసలు సంగతి వేరు. మా ఆర్యవైశ్యులలో కొందరికి రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే దాదాపుగా ఉండదు. దీనికి కారణమైన జన్యుమార్పును మా సామాజికవర్గంలో 2006లో గుర్తించారు. గొంతులో గొట్టం వేయడానికి ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. మామూలు మనిషిలో 10 నిమిషాలలోపే ఆ మందు ప్రభావం పోతుంది. ఎంజైమ్ లేనివారికైతే ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు, అంతసేపూ వెంటిలేటరు మీద ఉంచవలసిందే. ముందే తెలిస్తే ఒక రక్తపరీక్ష చేసి వేరే మందు వాడతారు, అంతే.

బెంగళూరులో శెట్టి అంటే మంగళూరు వైపు బంట్లు కావచ్చు, బలిజలు కావచ్చు, మేమూ కావచ్చు. డాక్టరు పేరును బట్టి ఊహించే బదులు, చేరేటప్పుడే ఫారంలో ఒక గడి పెట్టి సూటిగా అడిగితే తప్పేమిటి?

కేఆర్‌పురం_సిస్టర్:
గుప్తగారూ, నేను 20 ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఆ గడి ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణుల రిజిస్టరులో ఎప్పటినుంచో ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయితే ప్రభుత్వం ఇచ్చే జననీ సురక్ష యోజన డబ్బు కొన్ని రాష్ట్రాలలో ఎస్సీ, ఎస్టీ, బీపీఎల్ తల్లులకే ఇస్తారు కాబట్టి అది రాయక తప్పదు.

నేను పనిచేసిన ఒకచోట డబ్బు కాగితాలు త్వరగా తేలాలని ఫైలు అట్ట మీదే ఎర్ర ఇంకుతో ఎస్సీ అని రాసేవారు. ఉద్దేశం మంచిదే. కానీ భోజనం బండి తోసుకొచ్చే ఆయా మొదలుకొని రౌండ్సుకు వచ్చే పెద్ద డాక్టరు వరకు అందరి చూపూ ముందు పడేది ఆ రెండక్షరాల మీదే. అనంతపురం వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన ఒక పిల్ల, మొదటి కాన్పు, ఆ ఫైలును రోజూ బోర్లించి తలగడ పక్కన పెట్టుకునేది. నేను రాయడానికి తీసుకొని మామూలుగా పెట్టి వెళ్తే, మళ్లీ వచ్చేసరికి బోర్లించే ఉండేది. ఒక్కమాట కూడా అనలేదు. మా కులమూ అదే కాబట్టి నాకు చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

మీ గడి మిమ్మల్ని కాపాడుతుంది, సంతోషం. అదే గడి ఆ పిల్లకు ఏం చేస్తుందో కూడా చూడాలి కదా.

లెక్కలమాస్టారు:
ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒక రోగికి ఏ మందు ఇవ్వాలన్నది ఒకటి, ఏ వర్గానికి వైద్యం సరిగా అందడం లేదన్నది మరొకటి. ఇంగ్లండులో 1995 నుంచి ఆసుపత్రిలో చేరేవారి జాతి వివరం నమోదు చేస్తున్నారు, ఇష్టం లేనివారు చెప్పనక్కరలేదు. అక్కడ నల్లజాతి తల్లుల ప్రసూతి మరణాల రేటు తెల్లజాతి తల్లులకంటే రెండు రెట్లకు పైగా ఉందన్న సంగతి బయటపడడం అలాంటి నమోదు వల్లనే సాధ్యమైంది.

అయితే అదే వివరం చికిత్సలోకి దిగినప్పుడు ఏమవుతుందో అమెరికాలో చూశారు. కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో నల్లజాతి రోగులకు ఫలితాన్ని సుమారు 16 శాతం పెంచే గుణకం ఒకటి ఉండేది. దానివల్ల జబ్బు ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, కిడ్నీ మార్పిడి జాబితాలో చేరడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ గుణకం లేని సూత్రాన్ని సిఫారసు చేశారు.

మన దగ్గర 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన ప్రతి 1000 మందికి ఐదేళ్లలోపు శిశుమరణాలు ఎస్టీలలో 57, ఎస్సీలలో 56, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కాని ఇతరులలో 39. ఈ లెక్క ఎవరి ఫైలూ తెరవకుండా, ఇంటింటికీ తిరిగి తీసినదే. కాకపోతే ఏ ఆసుపత్రి ఎవరిని ఎంతసేపు బెంచీ మీద కూర్చోబెట్టిందో ఆ సర్వే చెప్పలేదు. అది తెలియాలంటే ఆసుపత్రిలోనే రాసుకోవాలి, పేరునుంచి విడదీసి, వార్డువారికి కనబడకుండా.

వైట్‌ఫీల్డ్_రమణ:
రాసుకున్నది చదివేవారెవరండీ? కర్ణాటకలో 2015లో గడపగడపా తిరిగి రాసుకున్న కులాల లెక్కలు ఏళ్ల తరబడి అటకమీదే ఉన్నాయి, 2025లో మళ్లీ మొదటినుంచి తిరిగారు. పైగా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కులానికి గానీ ఆరోగ్య వివరాలకు గానీ ప్రత్యేక రక్షణ ఏదీ ఇవ్వలేదు, ఫోను నంబరుతో సమానంగానే చూస్తుంది. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక మెలకువ రావడం ఆలస్యమైందా, మేనరికాలు ఉన్నాయా అని అడిగితే చాలదా?

జయనగరం_గుప్త:
రమణగారూ, మా నాన్నగారి తరంలో ఆపరేషన్ బల్ల ఎక్కినవారే లేరు, ఇక ఇంటి చరిత్రలో ఏం దొరుకుతుంది? అయినా సిస్టర్‌గారి మాట చదివాక ఫారంలో గడి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మత్తు డాక్టరు పడక దగ్గరికి వచ్చి, కారణం చెప్పి అడగడమే మేలు. బావగారి పరీక్ష మామూలుగానే వచ్చింది. పంతానికి తానూ చేయించుకున్న మా అక్కకు మాత్రం ఎంజైమ్ బాగా తక్కువని తేలింది. ఇప్పుడు ఆమె పర్సులో ఒక కార్డు ఉంది, సక్సినైల్‌కోలిన్ ఇవ్వరాదని రాసి. అందులో కులం ఊసే లేదు.

లెక్కలమాస్టారు:
ఆ కార్డు రావడానికి ముందు ఒకరు కులం అడగవలసి వచ్చింది, అది మరువకండి.

కేఆర్‌పురం_సిస్టర్:
అడగడం మీద నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. గుప్తగారూ, మీ బావగారి డిశ్చార్జి కాగితాలు ఇంట్లో ఉంటే ఒకసారి తీసి, ఆ డాక్టరు విన్న జవాబును ఎక్కడ రాశారో చూసి చెప్తారా? మత్తు షీటులోనా, అట్ట మీదా?