పల్లెకు వెళ్తున్నాం: పిల్లలకు డబ్బులివ్వడం, ఫోటోలు తీయడం గురించి సలహా కావాలి

కొండల్లోని ఒక చిన్న పల్లెకు కుటుంబంతో వెళ్తున్నాం. బస ఊరివాళ్ల ఇంట్లోనే. మావల్ల వాళ్లకు ఇబ్బంది కలగకూడదు. అలాంటి ఊళ్లకు వెళ్లినవాళ్లు, ముఖ్యంగా అక్కడే ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి.

నా అసలు టెన్షన్ పిల్లల గురించే. కారు దిగగానే చుట్టూ చేరి చెయ్యి చాపితే టూరిస్టులు చాక్లెట్లో చిల్లరో చేతిలో పెట్టేస్తుంటారు. దాంతో బడి మానేసి బండ్ల వెంట తిరిగే పిల్లలు ఉంటారు. అలాగని ముఖం తిప్పుకుని వెళ్లిపోవడానికి మనసొప్పదు. బడికి నోటుపుస్తకాలు ఇవ్వాలంటే ముందు ఎవరిని అడగాలి? టీచర్నా, ఊరి పెద్దల్నా?

ఇక ఫోటోలు. భాష రాదు కాబట్టి కెమెరా చూపించి సైగ చేస్తాం, వాళ్లు నవ్వుతారు. అది ఇష్టమో మొహమాటమో తెలిసేదెలా? ఆస్ట్రేలియాలో ఉలూరు కొండ ఎక్కొద్దని అక్కడి అనంగు ప్రజలు బోర్డు పెట్టి ఏళ్ల తరబడి కోరినా జనం ఎక్కుతూనే ఉన్నారు. 2019లో ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించాకే ఆగింది. నోరు తెరిచి వద్దన్నవాళ్ల మాటే అలా అయితే, మొహమాటపడేవాళ్ల సంగతేంటి?

బస డబ్బు మధ్యవర్తుల దగ్గర ఆగకుండా ఆ ఇంటివాళ్లకే చేరాలంటే బుక్ చేసేటప్పుడు ఏం అడగాలో కూడా చెప్పగలరా?