మెట్రోలో వినడానికి 60 వేల రూపాయల ఇయర్‌ఫోన్స్: వైర్ ఉన్నవా, వైర్‌లెస్సా?

ఉప్పల్_ప్రయాణం
అందరికీ నమస్కారం. రోజూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను. పోను గంట, రాను గంట అనుకోండి. ఇన్నాళ్లూ రెండు వేల రూపాయల వైర్‌లెస్ బడ్స్‌తో నెట్టుకొచ్చాను. ఈసారి బోనస్ వచ్చింది, 60 వేల దాకా పెట్టగలను. మళ్లీ మళ్లీ కొనే ఓపిక లేదు, ఒకసారి కొంటే కొన్నేళ్లు రావాలి. ఎక్కువగా కర్ణాటక కచేరీలు, పాత సినిమా పాటలు వింటాను. ఫోన్ ఆండ్రాయిడ్, హెడ్‌ఫోన్ జాక్ లేదు. సెన్‌హైజర్ ఐఈ 600 లాంటి వైర్ ఉన్న ఐఈఎమ్ (చెవి లోపల బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్స్) తీసుకోవాలా, లేక నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న మంచి వైర్‌లెస్ బడ్స్ తీసుకుని మిగతా డబ్బు దాచుకోవాలా? వాడినవాళ్లు చెప్పండి.

వైర్డ్_ఓన్లీ
60 వేలు పెట్టేటప్పుడు బ్లూటూత్ వైపు చూడకు తమ్ముడూ, నా మాట విను. 2021లో 28 వేలు పోసి ఒక పెద్ద కంపెనీ వైర్‌లెస్ బడ్స్ కొన్నాను, పేరెందుకులే. ఇరవై నెలలకి ఎడమ బడ్ గంట కూడా రాకుండా ఆగిపోవడం మొదలైంది. అప్పటికి వారంటీ అయిపోయింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే బ్యాటరీ మార్చడం కుదరదు సార్, జత మొత్తం మార్చుకోండి, 19 వేలవుతుంది అన్నాడు. కౌంటర్ వెనక డబ్బాలో అలాంటివే బడ్స్ గుట్టగా పడి ఉన్నాయి. వాటిలో స్పీకర్ బాగానే ఉంటుంది, పోయేది గోరంత బ్యాటరీ, దానికోసం మొత్తం చెత్తలోకి. నా వైర్ ఐఈఎమ్‌కి తొమ్మిదేళ్లు. మూడు కేబుళ్లు మార్చాను, శబ్దం పుట్టించే లోపలి డ్రైవర్‌కి ఏమీ కాలేదు.

ఇంకో సంగతి. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపిస్తారు. సీడీ అంటే సెకనుకి 1411 కిలోబిట్లు. పాటని బాగా పంపే ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతిలో కూడా గరిష్ఠం 990, అదీ సిగ్నల్ బాగుంటేనే. అమీర్‌పేటలో అందరి జేబుల్లో బ్లూటూత్ నడుస్తుంటే అది 660కి, ఇంకా తప్పకపోతే 330కి దిగిపోతుంది. ఐఈ 600 కళ్లు మూసుకుని తీసుకో. ఒకే ఒక్క 7 మిల్లీమీటర్ల డ్రైవర్‌తో పనంతా చేస్తుంది. నీ ఫోన్‌కి జాక్ లేదు కదా, ఛార్జింగ్ పోర్టుకి వైర్ కలిపే డాంగిల్ ఒకటి కొనుక్కో. యాపిల్ వాళ్లది మాత్రం వద్దు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్నుంచి సౌండ్ తక్కువ వస్తుంది.

కోఠి_బ్యాచ్
ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకో అన్నా. బిల్లు లేకపోతే వారంటీ దగ్గర అడుక్కోవాలి.

నైట్‌షిఫ్ట్_నాగోల్
అన్నా, మీ 990 లెక్క నేను ఒప్పుకుంటాను, కానీ అమీర్‌పేటలో రద్దీ వేళ రైలెక్కి ఎన్నేళ్లయింది మీరు? నేను మూడేళ్ల కింద 52 వేలు పెట్టి వైర్ ఐఈఎమ్ కొన్నాను. ఆరో నెలలో, తలుపులు మూసుకునేటప్పుడు, దిగుతున్న ఒకాయన బ్యాగ్ పట్టీకి కేబుల్ చిక్కుకుంది. ఆయన అటు వెళ్లిపోయాడు, నేను ఇటు. టూ-పిన్ కనెక్టర్‌లో ఒక పిన్ను విరిగి సాకెట్‌లోనే ఉండిపోయింది, మిల్లీమీటరు మందం కూడా లేని పిన్ను అది. కొన్న షాపులో ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు అన్నారు. రిపేరుకి పంపితే రెండు నెలలు పట్టింది. మీ బ్యాటరీ ఇరవై నెలలకి పోతే నా వైర్ ఆరు నెలలకే పోయింది.

పైగా వైర్ చొక్కాకి రాసుకున్నప్పుడల్లా గరగరమని చెవిలోనే వినిపిస్తుంది. చెవి పైనుంచి తిప్పి పెట్టుకుంటే తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇప్పుడు సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్‌ఎమ్5 వాడుతున్నాను. రైలు గుర్రుమనే శబ్దం అసలు లేనట్టే ఉంటుంది. నేను కొన్నప్పుడు ఐఈ 600లో సగం డబ్బు కూడా అవ్వలేదు.

వైర్డ్_ఓన్లీ
వైర్ బ్యాగుకి తగిలిందంటే అది చొక్కా లోపల నుంచి తీసుకోకపోవడం వల్ల. వస్తువుది తప్పెలా అవుతుంది? ఎల్‌డాక్ 990 నిలబడదు అన్నదానికి ఒప్పుకున్నావు కదా, అయితే మిగతాదంతా ఎందుకు?

నైట్‌షిఫ్ట్_నాగోల్
990 నిలబడకపోయినా మెట్రోలో తేడా తెలియదు అంటున్నాను. ఆ 1411 కూడా కుదించని లెక్క. అదే పాట ఫ్లాక్ అనే ఫైల్‌లో ఒక్క ముక్క పోకుండా దాదాపు సగానికి దిగుతుంది. అంకె చిన్నదైనంత మాత్రాన పాట పోయినట్టు కాదు.

వైర్డ్_ఓన్లీ
ఫ్లాక్‌లో ఏదీ పోదు, ఎల్‌డాక్‌లో పోతుంది. రెండూ ఒకటే అన్నట్టు రాయకు.

నైట్‌షిఫ్ట్_నాగోల్
ఒకటే అని ఎక్కడ రాశాను? పైన మళ్లీ చదవండి.

బండి_మీద
మెట్రో దిగాక అవే చెవిలో పెట్టుకుని బండి మాత్రం నడపకండి, దండం పెడతాను.

తంబూర_శ్రుతి
మీరిద్దరూ కిలోబిట్ల దగ్గరే ఉండిపోయారు. ఆయన కచేరీలు వింటానన్నారు, అక్కడి నుంచి మొదలుపెడదాం. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకి పాట నేర్పుతున్నాను, రోజూ తార్నాక నుంచి బేగంపేటకి మెట్రోలోనే వెళ్తాను.

రైల్లో మొదట పోయేది తంబూర. దాని మంద్రం (కింది స్థాయి నాదం), మృదంగం ఎడమ వైపు తొప్పి, ఈ రెండూ రైలు గుర్రుమనే స్థాయిలోనే ఉంటాయి కాబట్టి అందులో కలిసిపోతాయి. శ్రుతి వినిపించకపోయేసరికి మనం తెలియకుండా సౌండ్ పెంచుతాం. మంద్రం కోసం పెంచితే వయొలిన్ పై స్థాయి చెవిలో సూదిలా దిగుతుంది. ఎంత ఖరీదైన డ్రైవర్ అయినా దీనికి మందు కాదు. బయటి శబ్దాన్ని ఆపాలి, అంతే.

అది ఆపేది ముందు టిప్, అంటే చెవిలోకి దూరే ఆ మెత్తటి తొడుగు. చెవి రంధ్రం పూర్తిగా మూసుకోకపోతే మంద్రమంతా కారిపోతుంది. ఫోమ్ టిప్ అయితే వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని కొంచెం పైకి, వెనక్కి లాగి లోపల పెట్టాలి. వేలు తియ్యకుండా అర నిమిషం అలాగే పట్టుకుంటే ఫోమ్ మెల్లగా ఉబ్బుతుంది, బయటి మాటలు నీళ్లలోంచి వస్తున్నట్టు అయిపోతాయి. అప్పుడు సరిగ్గా కూర్చున్నట్టు. రెండు చెవులూ ఒకే కొలత ఉండవు, నాకు కుడికి మీడియం, ఎడమకి స్మాల్. ఎటిమోటిక్ ఈఆర్4 1991 నుంచి ఉంది, అందులో నాయిస్ క్యాన్సిలింగ్ ఏమీ లేదు. చెవి లోపలికంటా దిగే మూడు మడతల టిప్‌తోనే 35 డెసిబెల్స్‌కి పైగా ఆపుతుందని కంపెనీ చెబుతుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ సంగతి వేరు. మైకుతో బయటి శబ్దం పట్టి దానికి తిరగేసిన శబ్దం వదులుతుంది. ఒకే రకంగా సాగే గుర్రు, ఏసీ మోత బాగా పోతాయి. పక్కవాళ్ల మాటలు, వంపులో చక్రాల కీచు అంతగా పోవు, అక్కడ మళ్లీ టిప్పే దిక్కు. కాబట్టి వైరా కాదా అని కాదు, మీ చెవికి ఏది బిగుతుగా కూర్చుంటుందో అది కొనండి.

ఉప్పల్_ప్రయాణం
మేడమ్, చాలా థాంక్స్. నేను టిప్ మార్చి చూడటం అనేదే ఎప్పుడూ చెయ్యలేదు, డబ్బాలో పెట్టి ఇచ్చినదే వాడుతున్నాను.

వైర్డ్_ఓన్లీ
మేడమ్ చెప్పింది నిజమే, కానీ ఐఈ 600లో ఉన్న స్పష్టత ఆ బడ్స్‌లో రాదు. గాయకుడు ఊపిరి తీసుకోవడం, తీగ మీద వేలు జారడం, హాల్లో వెనక ఎవరో దగ్గడం కూడా వినిపిస్తుంది. రాత్రి పదకొండుకి ఫ్యాన్ కట్టేసి, తలుపేసుకుని, లైటార్పి విన్నప్పుడు తెలుస్తుంది ఆ 60 వేలు ఎక్కడికి పోయాయో.

నైట్‌షిఫ్ట్_నాగోల్
ఇదిగో, ఇక్కడ దొరికారు. ఆయన అడిగింది మెట్రో గురించి. మీరు మొదటి నుంచీ ఆయన ప్రయాణానికి కాదు, మీ ఇంటి గదికి సలహా ఇస్తున్నారు.

వైర్డ్_ఓన్లీ
మెట్రోలో వినడం వినడమే కాదు తమ్ముడూ. అది కాలక్షేపం. కాలక్షేపానికి రెండు వేల బడ్స్ చాలు. ఖరీదైనది కొంటే ఇంట్లో కూర్చుని వినాలి, అది సంగీతానికి ఇచ్చే మర్యాద.

నైట్‌షిఫ్ట్_నాగోల్
మర్యాద అంటున్నారు కాబట్టి నేను కూడా చెప్తాను. మాది రెండు గదుల ఇల్లు. అమ్మానాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. నేను పొద్దున్న షిఫ్ట్ దిగి వచ్చేసరికి పిల్లలు స్కూలుకి తయారవుతుంటారు, హాల్లో నాన్న టీవీ వార్తలు. తలుపేసుకుని ఫ్యాన్ కట్టేసి వినే గది నాకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు. రాయదుర్గం నుంచి నాగోల్ దాకా ఆ గంటే నా గది. ఎవరూ పేరు పెట్టి పిలవని గంట అదొక్కటే. దాన్ని మీరు కాలక్షేపం అన్నారు. నేను ఆ గంట కోసమే డబ్బు దాచి కొన్నాను, ఆ 52 వేలూ, ఆ తర్వాత ఇవీ. సొంత గది ఉన్నవాళ్లకే మంచి సంగీతం అని రాసిపెట్టి ఉందా?

కోఠి_బ్యాచ్
నిజం అన్నా. నాది కూడా ఇదే కథ.

ఉప్పల్_ప్రయాణం
నేను కూడా అందుకే అడిగాను, పైకి అలా రాయలేదంతే.

వైర్డ్_ఓన్లీ
రెండు గంటలైంది మీరు రాసింది చదివి. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నేను ఎందుకన్నానో కూడా విను. ఎంఎంటీఎస్‌లో లింగంపల్లికి పదేళ్లు తిరిగాను. ఆ మోతలో పాట వినపడాలని సౌండ్ దాదాపు చివరి గీత దాకా పెట్టేవాణ్ని, టిప్ సరిగ్గా కూర్చోని ఇయర్‌ఫోన్స్‌తోనే. రెండేళ్ల కింద ఒక రాత్రి ఎడమ చెవిలో సన్నటి ఈలలాంటిది మొదలైంది. ఇప్పటికీ ఆగలేదు, ఇది టైప్ చేస్తుంటే కూడా ఉంది. ఈఎన్‌టీ డాక్టరుగారు ఇది పోయేది కాదు, ఇక ముందు చెవిని కాపాడుకోండి అన్నారు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క అప్పుడు చదివాను. నేను నాలుగు గంటలు రెండు రోజుల్లో దాటేసేవాణ్ని. అందుకే నాకు నిశ్శబ్దంగా ఉన్న గది కావాల్సొచ్చింది. ప్రయాణంలో వినొద్దు అని ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపిస్తుంది, అది సరిగ్గా చెప్పడం చేతకాక కిలోబిట్ల మీద పడ్డాను.

నైట్‌షిఫ్ట్_నాగోల్
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నా. చెవి జాగ్రత్త. నేను గొంతు పెంచినందుకు ఏమీ అనుకోవద్దు.

తంబూర_శ్రుతి
మీరిద్దరూ ఒకే చోటికి వచ్చారు. ఉప్పల్ గారూ, ఒక పని చెయ్యండి. ఏదైనా ఇయర్‌ఫోన్స్ తీసుకుని ఒకే కచేరీని ముందు ఇంట్లో, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినిపించే దాకా పెట్టండి, ఎన్ని గీతలో రాసుకోండి. తర్వాత రైల్లో అదే వినండి. ఎన్ని గీతలు పెంచాల్సొచ్చింది? ఒక ఇయర్‌ఫోన్స్ గీతల్ని ఇంకోదాని గీతలతో పోల్చొద్దు, ఒకే గీతకి ఒక్కోటి ఒక్కోలా మోగుతుంది. ఇంటికీ రైలుకీ మధ్య తేడా చూడండి. ఆ తేడా ఎక్కడ తక్కువుంటే అది మీ చెవికి మంచిది, పైగా తంబూర కూడా వినిపిస్తుంది.

ఉప్పల్_ప్రయాణం
నాలుగు రోజుల తర్వాత వచ్చాను. మేడమ్ చెప్పినట్టే చేశాను.

నా పాత బడ్స్: ఇంట్లో 6 గీతలు, హబ్సిగూడ దాటాక 12. ఇంత తేడా ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు, భయమేసింది. ఆఫీసులో ఒకతని షూర్ ఎస్‌ఈ846 అడిగి, కొత్త ఫోమ్ టిప్స్ నేనే కొని వేసుకుని ఒకరోజు తీసుకెళ్లాను. ఇంట్లో 5, రైల్లో 7. నైట్‌షిఫ్ట్ అన్న వాడే సోనీ బడ్స్ మా బావమరిది దగ్గరున్నాయి. ఇంట్లో 6, రైల్లో 7. వాటితో సికింద్రాబాద్ ఈస్ట్ దగ్గర మొదటిసారి తంబూర విడిగా వినిపించింది. దుర్గం చెరువు దాకా కళ్లు తెరవలేదు.

కానీ షూర్‌లో ఆ మృదంగం తొప్పి మీద అరచేయి ఆనించి సాగదీసే గుంకారం ఉంది చూశారా, అది సోనీలో అంత స్పష్టంగా రాలేదు. నడుస్తుంటే మాత్రం వైర్‌తో ప్రతి అడుగూ తలలో దబ్‌మంటుంది. ఐఈ 600 ఇంకా పెట్టి చూడలేదు, శనివారం షాపుకి వెళ్తున్నాను. డెమో పీస్ తీసుకుని బయట రోడ్డు మీద నిలబడి వింటానంటే ఒప్పుకున్నారు. ఎడమ చెవిలో మాత్రం ఫోమ్ మాటిమాటికీ జారిపోతోంది.

వైర్డ్_ఓన్లీ
మీడియం వేసుంటావు. ఎడమకి స్మాల్ వేసి చూడు. షాపులో రోడ్డు మీద విన్నప్పుడు కూడా అదే వెయ్యి, అప్పుడే గీతలు లెక్కపెట్టు.