లెదర్ సోఫా అసలుదో కాదో షోరూంలోనే ఎలా తేల్చుకోవాలి?

గచ్చిబౌలి_కొత్తిల్లు:
వచ్చే నెల గృహప్రవేశం. చేతులు గుండ్రంగా చుట్టుకుని, వీపు నిండా గుండీలుండే చెస్టర్‌ఫీల్డ్ సోఫా ఒకటి చూశాం. మూడు సీట్లు, లక్షా 40 వేలు. షాపతను "జెన్యూన్ లెదర్" అంటున్నాడు. తోలు, చెక్క, స్ప్రింగులు, ఫోమ్, ఏది ఎలా చూడాలి?

ఉప్పుగాలి_వైజాగ్:
"జెన్యూన్" అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. నాకూ అదే చెప్పి బాండెడ్ అంటగట్టారు. తోలు పొట్టుని అతికించి పైన పీయూ (ఒక రకం ప్లాస్టిక్) పూత పూసిన సరుకది. మూడో వానాకాలానికి పెచ్చులూడింది. మా అత్తగారు తెల్లచీరతో కూర్చుని లేస్తే వెనకంతా గోధుమరంగు పొలుసులే. బిల్లు మీద "టాప్ గ్రెయిన్" అనో "ఫుల్ గ్రెయిన్" అనో (రెండూ అసలు తోలు పైపొరే) రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

రవ్వదోసె:
ఇంత టెన్షన్ ఎందుకు? నీళ్లచుక్క వేయండి. పీలిస్తే తోలు, జారితే రెక్సిన్. అంతే.

వడ్రంగి_30ఏళ్లు:
ఈ నీళ్లచుక్క ముచ్చట ఎవరు పుట్టించారో! పిగ్మెంట్ కోటింగ్ (రంగు పూత) వేస్తే అసలు తోలు మీదా నీళ్లు జారిపోతాయి. పూత లేని అనిలిన్ తోలైతేనే పీల్చేది.

రవ్వదోసె:
మా మేనమామది పాతికేళ్లుగా చెప్పుల షాపు. ఆయనకి తెలీదా?

వడ్రంగి_30ఏళ్లు:
ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్లంతా మెకానిక్కులేనా?

డాలస్_బావ:
అగ్గిపుల్ల గీసి చూడు బ్రో, వెంట్రుక కాలిన వాసన రావాలి.

ఉప్పుగాలి_వైజాగ్:
షోరూంలో సోఫాకి నిప్పు పెట్టమంటావా? బాగుంది వరస.

వడ్రంగి_30ఏళ్లు:
తోలు గొడవ ఆపండి. సోఫాకి ప్రాణం ఫ్రేము. ముందుకాలు ఒకటి పట్టుకుని అర అడుగు లేపండి. ఆలోగా రెండో ముందుకాలు కూడా లేవాలి, లేదంటే ఫ్రేము మెలి తిరుగుతోందన్నమాట. కింద కుట్టిన నల్లగుడ్డ ఒక మూల విప్పించండి. మూలల్లో చెక్కముక్కలు పెట్టి జిగురు, స్క్రూలతో బిగించాలి. ఒట్టి పిన్నులు కొట్టి వదిలేస్తే వద్దు. స్ప్రింగులు ఎనిమిది వైపులా తాడుతో కట్టినవైతే మహారాజు సోఫా. జిగ్‌జాగ్ స్ప్రింగైనా దగ్గరదగ్గరగా వేస్తే తప్పులేదు.

పిల్లితల్లి:
ఇంట్లో రెండు పిల్లులున్నాయి. లెదర్ కొనొచ్చా?

రవ్వదోసె:
ఫ్రిజ్ మాట నేను మర్చిపోలేదు.

గచ్చిబౌలి_కొత్తిల్లు:
ఇవాళ వెళ్లాం. కాలు లేపితే రెండోది నేల వదల్లేదు. సేల్స్ కుర్రాడు మాత్రం పరుగెత్తుకొచ్చాడు. వెనక, పక్కల తడిమితే ముందున్న తోలులా లేదు. నిలదీస్తే "కూర్చునేచోటే లెదర్ సార్" అన్నాడు. ఫోమ్ డెన్సిటీ ఎంతంటే "మంచిదే సార్" అట. వదిలేశాం.

డాలస్_బావ:
సీటు ఫోమ్‌కి 40 డెన్సిటీ (ఘనమీటరుకి 40 కిలోలు) అడుగు బ్రో. ఇంతకీ గృహప్రవేశం ఏ తారీఖు? మేమూ వస్తున్నాం.

పిల్లితల్లి:
పిల్లుల సంగతి ఎవరూ చెప్పరా?

రవ్వదోసె:
మామయ్యని అడిగాను. చెప్పుల తోలు వేరు, సోఫా తోలు వేరట. అయినా ఆ మాట అనకుండా ఉండాల్సింది వడ్రంగిగారూ.