సీటు సందులో చెయ్యి తెగితే తప్పెవరిది? కార్ల రీకాల్ మీద చర్చ

నాగావళి (రాయగడ):
మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలై తేలని వాదన ఇది. 2019 సెప్టెంబర్‌లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో 2017 మోడల్ ఎక్స్‌ప్లోరర్ కార్లను వెనక్కి పిలిచింది. ఉత్తర అమెరికా మొత్తం మీద సుమారు 3.38 లక్షల బండ్లు. బ్రేకు ఫెయిలవడం, స్టీరింగ్ పట్టేయడం లాంటి కారణాలు కావు. ముందు సీటుకూ, రెండు ముందు సీట్ల మధ్య ఉండే పెట్టె లాంటి భాగానికీ (కన్సోల్) నడుమ సందులో చెయ్యి పెడితే సీటు ఫ్రేమ్ అంచు కోసేస్తోంది. 31 మంది చేతులకు గాయాలైనట్టు కంపెనీకి తెలిసింది. చేసిన రిపేరు ఆ అంచుకు మెత్తటి టేపు అతికించడం, అంతే. ఆ మోడల్ మన దేశంలో అమ్మలేదు, కానీ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఇంత చిన్న గాయాలకు రీకాల్ కావాలా, ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకోవాలా?

గుణుపురం మాస్టారు:
అవసరం లేదు. లెక్క చూడండి. 3.38 లక్షల్లో 31 అంటే దాదాపు పదకొండు వేల బండ్లకు ఒక చెయ్యి. మన ఇళ్లలో కత్తిపీటకు వేళ్లు తెగడం ఇంతకంటే ఎక్కువ. కత్తిపీట చేసిన కమ్మరిని ఎవరైనా నిలదీశారా? వస్తువు వాడేవాడికి కొంత ఒళ్లు దగ్గర ఉండాలి. ప్రతి గీతకూ కంపెనీని బాధ్యుణ్ణి చేస్తే పిల్లలకు మనం నేర్పేది ఏముంది?

స్టీరింగ్ 18 (రాయగడ):
మాస్టారూ, కత్తిపీటకు పదును ఉండాలి. లేకపోతే కూర తెగదు. సీటు కింద రేకుకు పదును ఏ పనికి?

చిన్నోడు (పర్లాకిమిడి):
బాగా అడిగావన్నా.

గుణుపురం మాస్టారు:
పదును ఏ పనికని కాదు, అసలు ఆ సందులో చెయ్యెందుకు పెట్టాలి? ఫోన్ జారిపడుతుంది, బండి నడుపుతూనే వెతుకుతారు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతూ ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి సీటు కింద పెట్టినవాళ్లను కళ్లారా చూశాను. వాళ్లకు తెగే వేలు చిన్న విషయం. బండి పక్కన ఆపి, దిగి, తలుపు తీసి చూసుకోవచ్చు కదా.

స్టీరింగ్ 18:
నడుపుతూ పెట్టారని ఆ వార్తలో ఎక్కడుంది?

గుణుపురం మాస్టారు:
ఆపి పెట్టారని మాత్రం ఎక్కడుంది?

జయపురం షెడ్డు:
నేను పాతికేళ్లుగా సీట్లు దించి ఎక్కించే పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. రేకును ప్రెస్‌లో కొట్టినప్పుడు ఒక వైపు అంచు నున్నగా ఉంటుంది, రెండో వైపు గరుకు తేలుతుంది. వేలు మెల్లగా ఆనించినా చర్మానికి పట్టుకుంటుంది. ఆ గరుకును ఆకురాయితో తీసేయాలి, లేదా అంచు మడవాలి, లేదా ప్లాస్టిక్ తొడుగు వేయాలి. ఫ్యాక్టరీలో అది కొన్ని సెకన్ల పని. అక్కడ మానేస్తే ఇక్కడ మా చేతులకు తగులుతుంది. సీటు దించగానే మా కుర్రాళ్లతో ముందు పట్టాలకు, అంచులకు ఇన్సులేషన్ టేపు చుట్టిస్తాను. ఆ తర్వాతే బోల్టు మీద చెయ్యి వేయనిస్తాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సీటు సంగతి సరే, కిటికీ అద్దాల మాటేంటి? 2022లో టెస్లా అమెరికాలో దాదాపు 11 లక్షల కార్లను రీకాల్ చేసింది. అద్దం పైకి వస్తూ ఏదైనా అడ్డం తగిలితే ఆగి వెనక్కి పోవాలి, అది సరిగ్గా జరగడం లేదని. షోరూమ్‌కు ఎవరూ పోనక్కర లేకుండా సాఫ్ట్‌వేర్ పంపి సరిచేశారు. మా కారులో మా పాప వేలు అద్దంలో నలిగింది. గోరు నల్లబడి ఊడిపోయింది. వెనక అద్దం స్విచ్ నొక్కింది డ్రైవింగ్ సీట్లో ఉన్న మా మరిది. కానీ ఇంటిల్లిపాదీ నన్నే అన్నారు, తల్లివి చూసుకోవద్దా అని. మాస్టారు గారు చెప్పే జాగ్రత్త మా ఇంట్లో ఎప్పుడూ ఒకరి నెత్తినే పడుతుంది. ఆ అద్దానికి అడ్డం తగిలితే ఆగే ఏర్పాటు లేదని కారు కొన్న రోజున మాకెవరూ చెప్పలేదు.

గుణుపురం మాస్టారు:
అమ్మా, పసిపిల్ల విషయం వేరు. నేను మాట్లాడుతున్నది పెద్దవాళ్ల గురించి. పదకొండు వేలకు ఒకటి అన్న నా లెక్కకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

వకీలు (బరంపురం):
లెక్కకు నేను చెబుతాను. 31 అన్నది కంపెనీ దాకా చేరిన సంఖ్య. చెయ్యి తెగితే కట్టు కట్టుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ఇక మన చట్టం. 2012 నుంచి కార్ల కంపెనీల సంఘం సియామ్ పెట్టుకున్న స్వచ్ఛంద రీకాల్ పద్ధతి ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చారు. బండిలోని లోపం పర్యావరణానికి గానీ, నడిపేవాడికి, కూర్చున్నవాడికి, రోడ్డు మీద పోయేవాడికి గానీ హాని చేసేదైతే కేంద్ర ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. ఆ నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు. అందులో 'హాని' అనే ఉంది, ప్రాణహాని అని లేదు.

మాస్టారి కత్తిపీట వాదనకూ చట్టంలో చోటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం అందరికీ తెలిసిన, కంటికి కనిపించే ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారును పట్టుకోలేం. కానీ సీటు కింద అంచు కంటికి కనిపించదు.

ట్రిప్ షీట్ (రాయగడ):
నేను బండ్లు తిప్పే వాణ్ణి, ట్రావెల్స్ నడుపుతాను. చట్టాలు చదువుకోవడానికి బాగుంటాయి. రీకాల్ అంటే బండి ఒక రోజు ఆగడం. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం పోవాలి, అక్కడ క్యూలో ఉండాలి, రాత్రికి తిరిగి రావాలి. డీజిల్ నాది, పోయిన ట్రిప్పు నాది. ఈఎంఐ ఆ రోజు ఆగదు. ఒక టేపు ముక్క కోసం ఇదంతా చేయమంటారా? నా డ్రైవర్లకు బండి ఇచ్చేటప్పుడే చెబుతాను, చూసుకుని పని చేసుకోండి అని. చూసుకుంటే ఏమీ కాదు.

గుణుపురం మాస్టారు:
అదే నేను మొదటి నుంచీ అంటున్నది. ఈ కాలంలో డ్రైవర్లకు జాగ్రత్త అని చెబితే కోపం వస్తుంది.

స్టీరింగ్ 18:
వస్తుంది మాస్టారూ, తప్పకుండా వస్తుంది. ఆ సందులో చెయ్యెందుకు పెట్టాలి అని అడిగారు కదా, చెబుతాను వినండి. తెల్లవారుజామున లేచి బండి కడిగేది నేను. మజ్జిగౌరమ్మ గుడికి వచ్చిన బేరం దిగాక ఆ సందులో కుంకుమ, కొబ్బరి ముక్కలు, పిల్లల బిస్కెట్లు, చిల్లర పడి ఉంటాయి. గుడ్డ దూర్చి లాగకపోతే మర్నాటికి చీమలు పడతాయి. వాసన వచ్చిందని కస్టమర్ ఓనరుకు ఫోన్ చేస్తాడు. అక్కడ చెయ్యి పెట్టకపోతే నా ఉద్యోగం ఉండదు. ఓనరు చెయ్యి ఆ సందులోకి ఏనాడూ పోదు.

నాకు బొటనవేలి మొదట్లో తెగింది. కుట్లు పడ్డాయి. టీటీ ఇంజెక్షన్, డాక్టర్ ఫీజు నా జేబులోవే. చెయ్యి వాచి స్టీరింగ్ పట్టుకోలేక ఇంట్లో పడుకుంటే ఆ రోజు జీతం కోశారు. ఎందుకండీ అంటే, కళ్లు పెట్టుకుని పని చెయ్యి అన్నారు. సీటు కవర్ మీద పడిన నా రక్తపు మరక నా చేతే కడిగించారు. ఇప్పుడు చెప్పండి, జాగ్రత్త అనే మాట ఎవరు ఎవరికి చెబుతున్నారు? ట్రిప్ షీట్ గారూ, చూసుకోండి అని మీరు చెప్పడానికి రూపాయి ఖర్చు లేదు. నేను చూసుకోలేకపోతే ఖర్చంతా నాదే.

చిన్నోడు:
ఈ మాట ముందే చెప్పాల్సింది అన్నా.

ట్రిప్ షీట్:
నేను మీ ఓనరును కాను తమ్ముడూ. నా మీద పడితే ఏం లాభం?

మహేంద్రతనయ:
మీరు కాకపోవచ్చు. మీరు రాసిందీ ఆయన అన్నదీ ఒక్కటే.

గుణుపురం మాస్టారు:
ఆ జీతం కోత అన్యాయం. అందులో రెండో మాట లేదు. కానీ నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో కూడా వినండి.

మా తమ్ముడు విశాఖలో కొత్త కారు కొన్నాడు. ఏదో క్లిప్పు మార్చాలని ఒకసారి రమ్మన్నారు. లోపల అంటించిన హెచ్చరిక స్టిక్కర్‌లో అచ్చు తప్పుందని మళ్లీ రమ్మన్నారు. ప్రతిసారీ గుణుపురం నుంచి పోయి రావడం, సెలవు పెట్టడం. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగ్ గురించి మెసేజ్ వస్తే, మళ్లీ స్టిక్కరేలే అని చూడకుండా తీసేశాడు. రాయగడ రోడ్డులో లారీని గుద్దినప్పుడు బ్యాగ్ తెరుచుకోలేదు. దవడ ఎముక విరిగింది. ఇప్పటికీ గట్టి పదార్థం నమలలేడు.

ఎయిర్‌బ్యాగ్ లోపం చిన్నది కాదు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల్లో అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి చెడిపోయి, గుద్దుకున్నప్పుడు మరీ బలంగా పేలి ఇనుప ముక్కలు మనుషుల మీదికి ఎగిరాయి. ప్రపంచమంతా కోట్ల బ్యాగులు మార్చారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. మన బరంపురం తీరం వైపు వేడీ తేమా తక్కువా? 2023 జనవరిలో మారుతి 17,362 బండ్లకు ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చాలని పిలిచి, మార్చేదాకా బండి నడపొద్దని చెప్పింది. అలాంటి పిలుపు, టేపు అతికించే పిలుపు, రెండూ ఒకే రకం మెసేజ్‌లో వస్తే జనం రెండింటినీ తీసేస్తారు. నా బాధ అది. చిన్నవాటిని ఇందులో కలపకండి.

జయపురం షెడ్డు:
మాస్టారూ, ఇది న్యాయమైన మాట. అయితే చిన్నవాటిని వదిలేయమనడం కాదు మందు, పిలుపు మీద ఎంత ప్రమాదమో పెద్ద అక్షరాల్లో రాయమనడం. బండి నడపొద్దు అన్నది వేరు, వచ్చే సర్వీసులో చూపించండి అన్నది వేరు. టేపు పని సర్వీసులోనే అయిపోతుంది, ఎవరికీ రోజు పోదు.

స్టీరింగ్ 18:
మాస్టారు గారి తమ్ముడికి మెసేజ్ అయినా వచ్చింది. మాకు అదీ రాదు. ఇక్కడ తిరిగే ట్రావెల్స్ బండ్లు చాలావరకు విజయనగరం, విశాఖ నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చినవి. పేరు మారదు, ఎన్‌ఓసీ (బండి రిజిస్టర్ అయిన ఆఫీసు ఇచ్చే 'అభ్యంతరం లేదు' పత్రం) తీసుకోరు. కంపెనీ ఉత్తరం పాత ఓనరు ఇంటికి పోతుంది. ఆయన చించి పారేస్తాడు, బండి ఎప్పుడో అమ్మేశాడు కాబట్టి. నేను నడిపే బండిలో ఎయిర్‌బ్యాగ్ మంచిదో కాదో నాకెలా తెలియాలి?

వకీలు:
ఛాసిస్ నంబర్‌తో. ఆర్‌సీ మీద ఉంటుంది. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే రీకాల్ ఉందో లేదో చూపిస్తాయి. ఓనరు అక్కర లేదు, డ్రైవరైనా చూడొచ్చు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 110ఎ కింద పెట్టిన నియమాలు ఏడేళ్ల లోపు బండ్లకే. మన దగ్గరికి సెకండ్ హ్యాండ్‌లో వచ్చేసరికి చాలా బండ్లకు ఆ గడువు దగ్గర పడుతుంది, లేదా దాటిపోతుంది. అందుకని ఈ వారమే చూసుకోండి.

స్టీరింగ్ 18:
రీకాల్‌కు పోయిన రోజు నా జీతం?

వకీలు:
ఆ సెక్షన్‌లో బండి ధర తిరిగివ్వడం, వేరే బండి ఇవ్వడం, బాగుచేయడం, జరిమానా ఉన్నాయి. డ్రైవర్ రోజు కూలి మాట లేదు.

మహేంద్రతనయ:
అంటే అది ఓనరే ఇవ్వాలి. బండి బాగుపడి లాభపడేది ఆయనే.

గుణుపురం మాస్టారు:
కూలి ఓనరే ఇవ్వాలి. కానీ టేపు కోసం రీకాల్ అనే పేరు పెట్టడం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

జయపురం షెడ్డు:
పేరేదైనా పెట్టండి, ఆ అంచు మాత్రం కంపెనీ ఖర్చుతో మూయించండి.

ట్రిప్ షీట్:
వకీలు గారూ, ఒక బండికి పాత ఓనరు పేరు మార్పించాలి. ఎన్‌ఓసీ విజయనగరంలోనా, రాయగడలోనా?

వకీలు:
బండి రిజిస్టర్ అయిన చోటే, అంటే విజయనగరంలో. ఫారం 28. బండి మీద అప్పు ఉంటే ముందు ఫైనాన్స్ వాళ్ల అంగీకారం తెచ్చుకోండి. ఆ తర్వాత 29, 30 ఫారాలు. బండి కొన్నవాడు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఎన్‌ఓసీ కోసం ఆగకుండా ఛాసిస్ నంబర్ ఈ రోజే కొట్టి చూడండి.