పేదరికం ఎవరి తప్పు? మనిషిదా, పరిస్థితులదా?

శ్రమజీవి:
నేను పేదింట్లోనే పుట్టాను. రాత్రిళ్లు వాచ్‌మన్‌గా పనిచేసి పొద్దున్నే క్లాసుకి వెళ్లేవాణ్ణి, బెంచీ మీదే నిద్ర ముంచుకొచ్చేది. నాకెవరూ చెయ్యందించలేదు. అందుకే చెబుతున్నా, ఈ రోజుల్లో పేదరికానికి పరిస్థితుల కన్నా అలవాట్లే పెద్ద కారణం. పూట గడవడమే కష్టం అనేవాళ్లు వాయిదాల మీద ఖరీదైన ఫోన్ కొంటే ఎవరిని అనాలి?

ఏటిగట్టు:
మాకు సొంతిల్లు ఉండేది, రూపాయి అప్పు లేదు. మా ఆయనకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది, రెండేళ్లు తిరిగేసరికి ఇల్లు పోయింది. ఆ బిల్లుల కట్ట ఇంకా నా దగ్గరే ఉంది. అక్షరాలు వెలిసిపోయి సగం తెల్లకాగితాలయ్యాయి, ఎంత కట్టామో చూసుకుందామన్నా కనబడదు. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు భారత్, కెన్యా, ఉగాండా, పెరూలలో వేల కుటుంబాలను అడిగితే, కొత్తగా పేదరికంలో పడ్డవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది జబ్బు, వైద్యం ఖర్చు గురించే. ఇందులో మా అలవాటు ఏముందండీ?

శ్రమజీవి:
జబ్బు సంగతి నేను ఎత్తలేదమ్మా. ఫోన్ గురించి అడిగాను.

తొలిమెట్టు:
ఫోన్ లేకపోతే ఇప్పుడు డెలివరీ పని కూడా దొరకదు సార్.

శ్రమజీవి:
దానికి మామూలు ఫోన్ చాలు.

లెక్కల_మాస్టారు:
ఫోన్ కాసేపు పక్కన పెట్టండి. చైనాలో 1978 తర్వాత నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. అంతకు ముందు వాళ్ల తాతలు కష్టపడలేదా? పడ్డారు. ఉమ్మడి సాగు పోయి పొలం ఎవరి కుటుంబానికి వాళ్లకి వచ్చింది, తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, అదే కష్టానికి ఫలితం దక్కింది. ఇంకోటి, 2013లో తమిళనాడు చెరకు రైతుల మీద ఒక అధ్యయనం వచ్చింది. కోతకు ముందు చేతిలో డబ్బాడనప్పుడు ఒకసారి, కోత డబ్బు చేతికొచ్చాక ఒకసారి అవే రైతులకి బుర్రకు పనిచెప్పే పరీక్షలు పెట్టారు. డబ్బు టెన్షన్‌లో ఉన్నప్పుడు మార్కులు తగ్గాయి. మనిషి మారలేదు, మారింది జేబు.

శ్రమజీవి:
అంటే తప్పుడు నిర్ణయం తీసుకున్నా వాళ్ల తప్పు కాదంటారు. మరి నేనూ అదే టెన్షన్‌లో చదివాను కదా, నా కష్టం లెక్కలోకి రాదా?

ఏటిగట్టు:
మీ కష్టాన్ని ఎవరూ కాదనలేదు. మీరే మా అందరినీ ఒకే గాటన కట్టేశారు. ఇల్లు అమ్ముకున్న రోజు మా బంధువులూ ఇదే అన్నారు, ముందుచూపు లేదని. ఆ మాట పడ్డవాళ్లకే తెలుస్తుంది.

శ్రమజీవి:
నాకూ తెలుసు పడటం అంటే! ఎవరి తప్పూ కాదంటే చివరికి కట్టేదెవరు? సమాజం అంటారు. మా ఇంట్లో సమాజం అంటే నేనే. మా తమ్ముడి అప్పు మూడుసార్లు తీర్చాను. నాకంటూ ఇప్పటికీ గజం స్థలం లేదు.

లెక్కల_మాస్టారు:
ఇదండీ అసలు విషయం, ఇది ముందే చెప్పాల్సింది. వైద్యానికి వేరే ఆసరా లేనిచోట కాస్త పైకొచ్చిన ఒక్కడి మీదే ఇల్లంతా పడుతుంది, వాడూ మళ్లీ కిందికే జారతాడు. మీ కోపం తమ్ముడి మీద చూపిస్తున్నారు. ఇంతకీ ఆ మూడు అప్పులూ దేనికి?

శ్రమజీవి:
మొదటిది అమ్మ ఆపరేషన్‌కి. రెండోది ఆ అప్పు వడ్డీ కట్టడానికి చేసిన అప్పు. మూడోది ఫోన్‌కి. నేను మాట్లాడేది ఆ మూడోదాని గురించే.

ఏటిగట్టు:
ఆ రెండోదానికి వడ్డీ ఎంతండీ?

శ్రమజీవి:
నూటికి పది. నెలకి.