ప్రభుత్వ, ప్రైవేటు యూనివర్సిటీలపై విద్యార్థుల సర్వే: స్కోర్లు ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. సర్వేల్లో అనుభవం ఉన్నవారి సలహా కావాలి. సేవల నాణ్యతను కొలవడానికి 1988లో వచ్చిన సర్వ్‌క్వాల్ పద్ధతిలో 22 అంశాలుంటాయి. ఒక్కో అంశానికి విద్యార్థి ఏం ఆశించాడో, ఏం అందిందో 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తాడు. అందినదాంట్లోంచి ఆశించింది తీసేస్తే వచ్చేది తేడా.

చిక్కంతా ఆ తీసివేతలోనే ఉంది. ఫీజు ఎక్కువ కట్టిన ప్రైవేటు విద్యార్థి లైబ్రరీపై 7 ఆశించి 5 ఇచ్చాడనుకోండి, తేడా మైనస్ 2. ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థి 4 ఆశించి 4 ఇస్తే సున్నా. నిజానికి తక్కువ మార్కు పడిన లైబ్రరీయే లెక్కలో మెరుగ్గా తేలుతోంది! పైగా చివరి ఏడాదిలో 'చేరేటప్పుడు ఏం ఆశించారు' అని అడిగితే, ఇప్పటి అనుభవమే ఆ జవాబును మార్చేస్తుంది.

1992 నాటి సర్వ్‌పెర్ఫ్ అనే మరో పద్ధతిలోలా, ఆశించినదాన్ని వదిలేసి అందినదాన్నే కొలిస్తే చాలా? లేక ఆశించినదాన్ని మొదటి సెమిస్టర్‌లోనే అడిగి విడిగా చూపించాలా? నాకు రెండోదే న్యాయమనిపిస్తోంది, కానీ మధ్యలో మానేసినవాళ్ల జవాబులు పోతాయి. రెండు వర్గాల్లోనూ ఒకే కోర్సు, ఒకే ఏడాది విద్యార్థులను తీసుకుంటే సరిపోతుందా, ఫీజును కూడా విడిగా లెక్కలోకి తేవాలా? దయచేసి చెప్పండి.