బావ డల్లాస్ నుంచి రీలోడింగ్ ప్రెస్ తెస్తానంటున్నాడు, ఏది తెమ్మనాలి?

బరంపురం_బుల్లోడు:
నమస్తే అందరికీ. మాది గంజాం బరంపురం. తాతగారి .315 రైఫిల్ ఆయన పోయాక లైసెన్స్ పద్ధతిగా నా పేరు మీదికి మార్చుకున్నాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు రేంజికి వెళ్తాను, రౌండ్ల ధర గుర్తొచ్చి నాలుగు కాల్చి వచ్చేస్తాను. మా బావ (అక్క భర్త) డల్లాస్‌లో గరాజ్‌లోనే ప్రెస్ అనే చేతి యంత్రంతో, కాల్చేసిన ఖాళీ తూటాల్లో కొత్తగా మందు, గుండు పెట్టి నింపుకుంటాడట, సగం ఖర్చులో పనైపోతుందంటాడు. సంక్రాంతికి వస్తున్నాడు, ప్రెస్, డైలు (కేసుని సరైన కొలతకి తెచ్చే అచ్చులు), కాటా అన్నీ లగేజీలో వేసుకొస్తా, ఏది కావాలో చెప్పమంటున్నాడు. సింగిల్ స్టేజ్ తెమ్మనాలా, ప్రోగ్రెసివ్ తెమ్మనాలా? తాత దాచిన ఖాళీ కేసులు (తూటాల ఇత్తడి గొట్టాలు) హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి, ఇత్తడి ఇంకా నిగనిగలాడుతోంది. అవి పనికొస్తాయా?

రాయగడ_రిటర్న్:
హ్యూస్టన్‌లో ఆరేళ్లు ఈ పిచ్చిలో ఉన్నాను కాబట్టి పనిముట్ల సంగతి వరకు చెప్తాను. అక్కడ సొంతానికి నింపుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి, అందుకే మీ బావకి అది పచ్చడి పెట్టుకున్నంత మామూలుగా అనిపిస్తుంది.

ప్రోగ్రెసివ్‌లో హ్యాండిల్ లాగినప్పుడల్లా ఒక రౌండ్ తయారై పడుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ నాలుగైదు చోట్ల ఒకేసారి పని జరుగుతుంటే ఎందులో మందు పడలేదో, ఎందులో రెండుసార్లు పడిందో కంటికి ఆనదు. సింగిల్ స్టేజ్ అయితే ఒక పని అన్ని కేసులకీ పూర్తి చేసి తర్వాతి పనికి వెళ్తాం. మందు పోశాక యాభై కేసులూ ట్రేలో నిలబెట్టి టార్చ్ వేసి వరసగా తొంగి చూస్తే, ఒకదాంట్లో మట్టం తేడాగా ఉన్నా అక్కడే దొరికిపోతుంది. రైఫిల్‌కి కొత్తవాళ్లు ఎవరడిగినా నేను సింగిల్ స్టేజే అంటాను. నాది రాక్ చకర్ అనే పాత సింగిల్ స్టేజ్ ప్రెస్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, అరిగి చావదు అది.

డబ్బు పెట్టాల్సింది కాటా మీద. మందు తూచేది గ్రెయిన్లలో, ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు తేడా కూడా కాటా చూపించాలి. ఆన్‌లైన్‌లో దొరికే 0.01 గ్రాము పాకెట్ కాటాకి గ్రెయిన్‌లో ఆరో వంతు కంటే తక్కువ తేడా తెలియనే తెలియదు. ఒకసారి నేను బల్ల మీద ఏసీ గాలి పడుతోందని గమనించకుండా తూచేశాను. మధ్యలో ఎందుకో అనుమానమొచ్చి చెక్ వెయిట్ (కచ్చితమైన బరువు తెలిసిన తూకపు రాయి) పెడితే 0.3 గ్రెయిన్లు తప్పు చూపించింది. అప్పటికి 22 రౌండ్లు పూర్తయ్యాయి. గుండుని ఊడదీసే సుత్తి లాంటి పుల్లర్‌లో ఒక్కొక్కటీ బిగించి, గరాజ్ గచ్చు మీద కొట్టి కొట్టి అన్నీ విప్పదీశాను, పక్కింటాయన ఇల్లు రిపేరు చేస్తున్నావా అని అడిగాడు. అప్పటి నుంచి చెక్ వెయిట్లు పెట్టకుండా కాటాని నమ్మలేదు.

హార్లిక్స్ సీసా సంగతి. కేసు లోపల అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం. మామూలు డైలో, కాలిపోయిన పాత ప్రైమర్‌ని (మందుని అంటించే టోపీ) బయటికి నెట్టే పిన్ను బాక్సర్‌కి మాత్రమే సరిపోతుంది, బెర్డాన్ కేసులో దింపితే విరుగుతుంది.

ఇదంతా టెక్సాస్ కథ. నేనైతే తిరిగొచ్చేటప్పుడు సామానంతా అక్కడే అమ్మేసి వచ్చాను.

పర్లాకిమిడి_ప్లీడర్:
ఎందుకు అమ్మేసి వచ్చారో అది ముందు రాసి, కాటా కథ తర్వాత చెప్పాల్సింది మాస్టారూ.

బాబూ, మీ దగ్గరున్నది రైఫిల్ ఉంచుకోవడానికి లైసెన్స్. తూటా తయారు చేయడానికి ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ కావాలి. నా క్లయింట్లు చాలామందికి తెలియని ముక్క ఇంకొకటుంది. అదే చట్టంలో సెక్షన్ 2లో ‘అమ్యూనిషన్’ అంటే ఏమిటో రాసిన చోట, తూటా భాగాలనూ, తూటాలు తయారు చేసే యంత్రాలనూ కూడా కలిపేశారు. అంటే మీ బావ సూట్‌కేసులో ఉన్నది ఇనుప ప్రెస్సే అయినా చట్టం దృష్టిలో అది తూటాల కిందే లెక్క, దేశంలోకి తేవాలంటే సెక్షన్ 10 కింద దిగుమతి లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ లేకుండా తయారీ అంటే సెక్షన్ 25, 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా జీవిత ఖైదు. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటాకే ఎయిర్‌పోర్టుల్లో కేసులవుతున్నాయి, పండక్కి వచ్చిన అల్లుణ్ణి పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టుకుంటారా?

ఆ సీసా కూడా అటక మీద అలా ఉంచకండి. ఛత్రపురం కలెక్టరేట్‌లో లైసెన్సులు చూసే సెక్షన్‌కి వెళ్లి, తాతగారి కాలం నాటివని కాగితం మీద రాసిచ్చి, ఏం చేయమంటారో అడగండి. నోటిమాటతో రావద్దు, రసీదు తీసుకోండి.

బరంపురం_బుల్లోడు:
అమ్మో. నేను ప్రెస్ అంటే మిక్సీ లాంటిదే, కస్టమ్స్ డ్యూటీ కడితే చాలనుకున్నాను. బావకి రాత్రే ఫోన్ చేస్తాను. కానీ నిజం చెప్పాలంటే డబ్బు సంగతి సగమే, చేత్తో కూర్చుని ఏదో సరిచూసుకునే ఆ పని మీద మనసు పడింది.

పది_మీటర్లు:
ఆ దురదకి మందు గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ రైఫిల్. .177 బోరు, 20 జౌల్స్ దాటకపోతే లైసెన్స్ మినహాయింపు ఉంది. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ అందులో సగం కూడా ఉండదు, 0.53 గ్రాముల చిన్న సీసం గుండుని, అంటే పెల్లెట్‌ని సెకనుకి 170 మీటర్లకి అటూ ఇటూగా పంపుతుంది అంతే. మీకు భువనేశ్వర్ దగ్గరే, కళింగ స్టేడియంలో ఒలింపిక్ షూటర్ గగన్ నారంగ్ పేరు కూడా ఉన్న షూటింగ్ సెంటర్ ఉంది, ఓసారి వెళ్లి చూసి రండి.

సరిచూసుకోవాలంటే ఇందులో కావలసినంత ఉంది. పది మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్లు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు అని తల సైజుల వారీగా డబ్బాల్లో వస్తాయి, ఏ సైజు నప్పుతుందో ఒక్కో రైఫిల్‌ది ఒక్కో తీరు. కాబట్టి ముందు రైఫిల్‌ని క్లాంపులో బిగించి, ఒక్కో డబ్బాలోంచి పదేసి కాల్చి, ఏది రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా చిన్న గుంపు పెడుతుందో చూడండి. తూచడం ఆ తర్వాత. దానికి 0.001 గ్రాము కాటా కావాలి, రాళ్ల నగలు చేసేవాళ్లు వాడే రకం. ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే మూడో అంకె నిలబడదు. నేను దాని మీద పెరుగు డబ్బా బోర్లించి తూస్తాను. అంచు నొక్కుకుపోయినవి ఏరి పారేయండి, నా అనుభవంలో బరువు తేడా కంటే అవే ఎక్కువ పాయింట్లు తిన్నాయి. సీసం కాబట్టి చేతులు కడుక్కోకుండా అన్నం దగ్గర కూర్చోకండి.

బరంపురం_బుల్లోడు:
బావకి చెప్పేశాను. కాసేపు వాదించి, ప్లీడర్ గారి మెసేజ్ చదివి వినిపించాక చప్పబడిపోయాడు. ప్రెస్ గొడవ వదిలింది కాబట్టి తిరుగు ప్రయాణంలో అప్పడాలు ఇంకో రెండు కట్టలు ఎక్కువ కట్టమని అక్క ఆర్డర్ వేసింది. సోమవారం సీసా పట్టుకుని ఛత్రపురం వెళ్తున్నాను.

పర్లాకిమిడి_ప్లీడర్:
సీసా పట్టుకుని బస్సెక్కకండి బాబూ. ముందు కాగితం ఇచ్చి రండి, వాళ్లు తెమ్మంటే అప్పుడు.